అనాస ఎప్పుడు పూస్తుంది?

మన రాయదుర్గంలో తోపుడు బండి మీద అనాసపండు ముక్కలు అమ్ముతారు. ఉప్పు, కారం చల్లి ఇస్తారు. దీన్నే మనం పైనాపిల్ అంటాం.

మన చదువుల కేంద్రానికి ఒక అక్క వస్తుంది. ఆమెది సీతంపేట దగ్గర కొండ ఊరు. అది పార్వతీపురం మన్యం జిల్లాలో ఉంది. అక్కడి కొండల మీద సవర గిరిజనులు అనాస పండిస్తారు. ఆ అక్క ఇక్కడ ఒక పెద్ద ఆఫీసులో ఊడ్చి తుడిచే పని చేస్తుంది.

ఒకసారి పండు కోసుకుని, దాని నెత్తి మీది ఆకుల కుచ్చును పాత రంగు డబ్బాలో నాటింది. ఏడాది దాటింది. పూత రాలేదు.

"మా కొండ మీద ఎవులూ నీళ్లు పోయరు. అయినా పూస్తాది. ఇక్కడ రోజూ నీళ్లు పోస్తన్నాను. ఎందుకు పూయదు టీచరమ్మా? పీకి పారేస్తాను" అన్నది.

"ఆగు అక్కా, ముందు ఆకులు లెక్కపెట్టు" అన్నాను. లెక్కపెట్టింది. 22 ఆకులు ఉన్నాయి.

ముందు ఒళ్లు, తర్వాత పూత

అనాస ఒక మొక్కకు ఒక్కసారే కాయ ఇస్తుంది. ఆ కాయకు కావలసిన బలమంతా ఆకుల్లోనే ఉంటుంది. అందుకే మొక్కకు 35 నుంచి 40 ఆకులు రావాలి. అప్పుడే అది పూతకు సిద్ధం. మొక్క పక్కన వచ్చే పిలకను నాటితే సుమారు ఏడాదికి పూస్తుంది. నెత్తి మీది కుచ్చును నాటితే ఏడాదిన్నర పైనే పడుతుంది. అక్క మొక్కకు ఇంకా వయసు రాలేదు. అంతే!

చలి పిలుస్తుంది

ఆకులు నిండితే చాలదు. మొక్కకు ఒక పిలుపు అందాలి. చలికాలంలో రాత్రులు చల్లగా ఉంటాయి. పగలు తగ్గి రాత్రి పెరుగుతుంది. అదే ఆ పిలుపు. అందుకే పూత చలి చివర వస్తుంది. పూసిన ఐదు నెలలకు కాయ పండుతుంది. అంటే వానల కాలానికి.

రాత్రి మధ్యలో వెలుతురు పడితే పూత ఆలస్యం కావచ్చు. మన దగ్గర పెద్ద బిల్డింగుల దీపాలు తెల్లారేదాకా వెలుగుతాయి. కాబట్టి డబ్బాను రాత్రి చీకటి ఉండే చోట పెట్టాలి. ఎండాకాలంలో నడి ఎండ తగలకుండా చూడాలి. నీళ్లు డబ్బాలో నిలవకూడదు. వేరు కుళ్లిపోతుంది. యూరియా, నీళ్లు మరీ ఎక్కువైతే ఆకులే పెరుగుతాయి. పూత వెనక్కి పోతుంది.

పొగ చెప్పిన సంగతి

అట్లాంటిక్ సముద్రంలో అజోర్స్ అనే దీవులు ఉన్నాయి. అక్కడ అద్దాల ఇళ్లలో అనాస పెంచేవారు. సుమారు 150 ఏళ్ల కిందట పొగ తగిలిన మొక్కలన్నీ ఒక్కసారే పూశాయి. పొగలో ఇథిలీన్ అనే వాయువు ఉంటుంది. పూత తెచ్చింది అదేనని తర్వాత తెలిసింది.

ఈ వాయువు మనకు కొత్త కాదు. మామిడికాయలు గడ్డిలో మాగవేస్తాం కదా! ఒక పండు మాగితే పక్క కాయలూ మాగుతాయి. పండు నుంచి వచ్చే ఇథిలీనే దానికి కారణం.

ఇంట్లో మొక్కకు 35 ఆకులు దాటాక ఒక పని చేయవచ్చు. దాని పక్కన బాగా మాగిన అరటిపండ్లు పెట్టాలి. మొక్కనూ పండ్లనూ కలిపి ప్లాస్టిక్ సంచి కప్పాలి. నాలుగైదు రోజులు నీడలో ఉంచి తీసేయాలి. ఒకసారికి పూయకపోతే మళ్లీ చేయవచ్చు.

చేనుకు ఏం చేస్తారు?

ఈ మాట విని అక్క ఇంకో సంగతి చెప్పింది. "మా అమ్మకి అనాస చేను ఉంది. కాయలన్నీ ఒక్కసారే పండుతాయి. సంతకి అందరూ ఒక్కసారే మోసుకొస్తారు. అడిగిన ధరకి ఇచ్చేయాల. లేదంటే కుళ్లిపోతాయి."

దీనికి దారి ఉంది. చేనును భాగాలు చేయాలి. ఆకులు నిండిన మొక్కలకే ఈ నెల ఒక భాగానికి, వచ్చే నెల ఇంకో భాగానికి ఇథ్రెల్ అనే మందు ఇవ్వాలి. దీని నుంచి ఇథిలీన్ వస్తుంది. మందు కలిపిన నీళ్లు మొక్కకు 50 మిల్లీలీటర్లు చాలు. ఆకుల నడుమ గుండెలో పోయాలి. సాయంత్రం చల్లబడ్డాక పోస్తే మేలు. వెంటనే వాన పడితే మందు కొట్టుకుపోతుంది. 40, 50 రోజులకు పూత కనబడుతుంది. కాయలు వేరు వేరు నెలల్లో వస్తాయి. చేతికి డబ్బు కూడా కొంచెం కొంచెంగా వస్తుంది.

నీళ్లలో మందు ఎంత కలపాలో ఉద్యాన శాఖ వారిని అడగాలి. ఆకులు నిండని మొక్కకు తొందరపడి మందు పోస్తే కాయ చిన్నదవుతుంది. చిన్న కాయకు ధర రాదు.

అక్క ఇప్పుడు ఏం చేస్తోంది?

మొక్కను పీకలేదు. నోటుబుక్కులో నెలకొకసారి తేదీ వేసి ఆకుల లెక్క రాస్తోంది. ఈ పాఠంలో సంగతులు ఒక కాగితం మీద రాసింది. ఊరికి పోయినప్పుడు అమ్మకు తానే చదివి వినిపిస్తానన్నది. మందు సీసా మీద రాసింది కూడా తానే చదువుతుందట.

మాట్లాడుకుందాం

1. అనాస పూయడానికి ఎన్ని ఆకులు కావాలి?
2. పంట అంతా ఒక్కసారే వస్తే ఎవరికి నష్టం? ఎవరికి లాభం?
3. మీ ఊర్లో ఇలా ఒక్కసారే వచ్చే పంట ఏది? దాని గురించి నాలుగు మాటలు రాయండి.