దఫ్తర్ ఎవరిది? ప్రభుత్వ రహస్యాలు, లీకులు, మన బాధ్యత

నిర్మల్ చుట్టుపక్కల ఊళ్లలో పాతతరం మనుషులను కదిలిస్తే పట్వారీ దఫ్తర్ గురించి చెప్తారు. పహాణీలు, పట్టాలు, శిస్తు లెక్కలు, అన్నీ ఒక గుడ్డలో మూటగట్టి పట్వారీ ఇంట్లోనే ఉండేవి. తహశీల్ కచేరీకి లెక్క చూపాల్సి వచ్చినప్పుడు ఆ మూట మోసింది ఎవరు? వెట్టి మాల, వెట్టి మాదిగ. ఎండలో, వానలో ఆ బరువు నెత్తిన పెట్టుకొని నడిచిన మనిషికి, తన తాత దున్నిన చెలక అందులో ఎవరి పేరు మీద ఎక్కిందో తెల్వదు. అడిగే హక్కు లేదు, చదివే చదువు లేదు. పట్వారీ వ్యవస్థ 1980లలో రద్దయింది. మూట పోయి బీరువా వచ్చింది, బీరువా పోయి కంప్యూటర్ వచ్చింది. మోసేవానికీ చదివేవానికీ మధ్య దూరం పోయిందా అన్నదే ఇప్పటికీ మన ప్రశ్న.

ప్రభుత్వం 'రహస్యం' అని ముద్రవేసిన కాగితాన్ని బయటపెట్టడం న్యాయమా, ద్రోహమా? ఈ చర్చ ఎక్కువగా దేశభద్రత, పత్రికాస్వేచ్ఛ చుట్టే తిరుగుతుంది. దళితుల వైపు నుంచి చూస్తే ఇంకో రెండు ప్రశ్నలు ముందుకొస్తాయి. ఆ రహస్యం ఎవరిని కాపాడుతోంది? అది బయటపడ్డ నాడు శిక్ష ఎవరి మీద పడుతుంది? ఈ రెండింటినీ పక్కనబెట్టి లీకు మంచిదా చెడ్డదా అని తేల్చలేం.

లీకులన్నీ ఒకటి కావు

ఇవాళ తెలంగాణలో ఏ నిరుద్యోగి ముందు 'లీకు' అన్నా గుర్తొచ్చేది 2023 మార్చి. రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్ ప్రశ్నాపత్రాలు లోపలి మనుషుల ద్వారానే బయటికి పోయినట్టు తేలింది. 503 పోస్టుల కోసం 2022 అక్టోబర్‌లో జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్‌ను కమిషన్ రద్దు చేసింది. అప్పుజేసి హైదరాబాద్‌లో గదులు కిరాయికి తీసుకొని చదివిన పిల్లల ఏండ్లు మన్నుపాలైనయి. ఇంట్లో మొదటిసారి డిగ్రీ చదివిన దళిత యువకునికి ఆ దెబ్బ రెండింతలు తగిలింది. వయసు ఆగదు, అప్పు ఆగదు.

అదీ ప్రభుత్వ రహస్యమే, అదీ లీకే. కానీ అక్కడ రహస్యం పేదవాని పక్షాన ఉంది. ప్రశ్నాపత్రం పరీక్షనాటి దాకా అందరికీ సమానంగా దాగి ఉంటేనే, పైసా పలుకుబడీ లేనివాడు పోటీలో నిలబడతాడు. దాన్ని అమ్ముకున్నవాడు ఆ సమానత్వాన్నే అమ్ముకున్నాడు. కాబట్టి 'రహస్యం చెడ్డది, బహిరంగం మంచిది' అని గంపగుత్తగా చెప్పడం కుదరదు.

ముద్ర ఎవరు వేస్తారు?

మన దేశంలో రహస్యాలకు కాపలా కాసే చట్టం 1923 నాటి అధికార రహస్యాల చట్టం. పాలించేవాడు పాలితుణ్ణి నమ్మని వలస కాలపు చట్టం అది. దాని 5వ సెక్షన్ ప్రకారం అనుమతి లేకుండా రహస్యం చెప్పినవాడే కాదు, రహస్యమని తెలిసి తీసుకున్నవాడు కూడా నేరస్తుడే. మూడేండ్ల దాకా జైలు వేయవచ్చు. కార్యకర్తలు ఈ సంగతి గుర్తుంచుకోవాలె. అసలు 'రహస్యం' అంటే ఏమిటో ఈ చట్టం ఎక్కడా సరిగా నిర్వచించలేదు. ఆచరణలో ముద్ర వేసిన అధికారి మాటే నిర్వచనం అయిపోయింది.

దీని ఫలితం ఎట్లుంటదో రెండు కేసులు చెప్తాయి. 2002లో కశ్మీర్ పత్రికా రచయిత ఇఫ్తికార్ గిలానీని ఢిల్లీలో ఈ చట్టం కింద పట్టుకున్నారు. ఆయన దగ్గర దొరికిన సమాచారం అప్పటికే బహిరంగంగా అచ్చయి ఉన్నదే. అయినా ఏడు నెలలు తీహార్ జైల్లో ఉన్నాడు. 2003 జనవరిలో ప్రభుత్వమే కేసు ఉపసంహరించుకుంది. ఇంకొక పత్రికా రచయిత శాంతను సైకియా, ప్రభుత్వ వాటాల అమ్మకం మీద కేబినెట్ నోట్‌ను అచ్చువేసినందుకు కేసు ఎదుర్కొన్నాడు. కాగితం మీద 'రహస్యం' అని రాసినంత మాత్రాన అది రహస్యం అయిపోదని చెప్పి ఢిల్లీ కోర్టు 2009లో ఆయనను విడిచిపెట్టింది. ఈ చట్టాన్ని రద్దు చెయ్యాలని రెండో పరిపాలనా సంస్కరణల సంఘం 2006లోనే సిఫారసు చేసింది. చట్టం మాత్రం అట్లనే ఉన్నది.

ఎనిమిదో అధ్యాయం

తెలంగాణకు ఇది దూరపు ముచ్చట కాదు. శ్రీకృష్ణ కమిటీ 2010 డిసెంబర్ 30న కేంద్రానికి నివేదిక ఇచ్చింది. 2011 జనవరి 6న దాన్ని బయటపెట్టారు. అందులో ఎనిమిదో అధ్యాయం దగ్గరికి వచ్చేసరికి అసలు విషయం లేదు. శాంతిభద్రతల మీద ప్రత్యేక నోట్‌ను సీల్డు కవర్‌లో హోంశాఖకు ఇస్తున్నాం అని నాలుగు మాటలున్నాయి. నిజామాబాద్ మాజీ ఎంపీ ఎం. నారాయణరెడ్డి హైకోర్టుకు పోయారు. 2011 మార్చిలో జస్టిస్ ఎల్. నరసింహారెడ్డి ఆ అధ్యాయాన్ని బయటపెట్టాలని తీర్పు ఇచ్చారు, అందులోని కొన్ని భాగాలను తీర్పులోనే ఉదహరించారు. మీడియాను ఎట్లా మలుచుకోవాలె, రాజకీయంగా ఎట్లా నడుపుకోవాలె అనే సలహాలు అందులో ఉన్నాయని జనానికి తెలిసింది అట్లా. కేంద్రం అప్పీలుకు పోయింది. డివిజన్ బెంచి ఆ తీర్పు అమలును ఆపింది.

ఇందులో మనం గమనించాల్సినవి రెండు. శాంతిభద్రతల పేరు మీద దాచిన దాంట్లో శాంతిభద్రతలు కాని సంగతులు కూడా ఉండొచ్చు. తెరిచి చూసినదాకా ఆ తేడా తెల్వదు, తెరిచే అధికారం దాచినవాని దగ్గరనే ఉంది. రెండోది, ఆ కాగితాన్ని ఎవరూ దొంగిలించలేదు. ఒక పౌరుడు పిటిషన్ వేస్తే న్యాయమూర్తి చదివి చెప్పాడు. నోరు మూసుకోవడానికీ లీకు చెయ్యడానికీ నడుమ మూడో దారి ఒకటి ఉన్నది. అది కష్టమైన దారి, సగంలో ఆగిపోయే దారి కూడా. కానీ దాన్ని తొక్కి చూడకుండా తోసెయ్యలేం.

మన కాగితాలే మనకు అందకపోతే

మన బతుకును తేల్చే కాగితాల్లో చాలావాటికి దేశభద్రతతో సంబంధం ఉండదు. 2021లో హుజూరాబాద్ నుంచి దళితబంధు మొదలైంది, కుటుంబానికి 10 లక్షలు అన్నారు. దాని ఉత్తర్వు ప్రభుత్వ వెబ్‌సైట్‌లో లేదన్న మాట హైకోర్టు దాకా పోయింది. జీవోలను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని కోర్టు ఆ ఆగస్టులో చెప్పాల్సి వచ్చింది. ఎవరికోసం పథకమో వాళ్లకే దాని కాగితం కనబడకపోవడం ఏ భద్రత కోసం?

2014 ఆగస్టు 19న రాష్ట్రమంతా ఒక్కనాడు సమగ్ర కుటుంబ సర్వే చేశారు. మన కులం, మన భూమి, మన గుడిసె అన్నీ రాసుకొని పోయారు. ఆ కులాల లెక్కలను ప్రభుత్వం అధికారికంగా అచ్చువెయ్యలేదు. అంకెలు మాత్రం అటూ ఇటూ తిరిగినయి. లీకైన అంకెతో వచ్చే చిక్కు ఇక్కడే ఉంది. దానికి జమానతు ఉండదు. ఎట్లా లెక్కబెట్టారో తెల్వదు. మనం దాన్ని పట్టుకొని వాదిస్తే ప్రభుత్వం 'అది మాది కాదు' అనొచ్చు. 2025 ఫిబ్రవరిలో కొత్త సర్వే లెక్కలు ప్రభుత్వమే ప్రకటించింది. ఎస్సీలు 17.43 శాతం అన్నది. ఆ లెక్కను ఒప్పుకోనివాళ్లున్నారు, ప్రశ్నించేవాళ్లున్నారు. అంకె బహిరంగంగా ఉంది కాబట్టే ప్రశ్నించగలుగుతున్నారు.

2024 నవంబర్‌లో నిర్మల్ జిల్లా దిలావర్‌పూర్ దగ్గర ఇథనాల్ ఫ్యాక్టరీ వద్దని జనం రోడ్డు మీద కూసున్నారు. ప్రభుత్వం పనులు ఆపాల్సి వచ్చింది. అనుమతి ఎవరిచ్చారు, ఏమని ఇచ్చారు అన్న వాదన జనం లేచినంక నడిచింది. అదే కాగితం పునాది తియ్యకముందు గ్రామసభలో చదివి వినిపిస్తే లీకు అవసరమేముంది, రాస్తారోకో అవసరమేముంది? దాపరికం ఎక్కువైన చోటనే లీకు పుడుతుంది.

ఏ లీకు న్యాయం?

1971లో అమెరికాలో డేనియల్ ఎల్స్‌బర్గ్ వియత్నాం యుద్ధం మీద ప్రభుత్వం దాచిన ఏడు వేల పేజీల అధ్యయనాన్ని పత్రికలకు ఇచ్చాడు. గెలవలేమని తెలిసి కూడా యుద్ధం నడిపారని అది చూపించింది. ఆయన ముందుగా సెనేటర్ల దగ్గరికి పోయాడు, వాళ్లు ముందుకు రానప్పుడే పత్రికలకు ఇచ్చాడు. శాంతి చర్చలకు సంబంధించిన సంపుటాలను పత్రికలకు ఇవ్వకుండా ఆపుకున్నాడు. పేరు దాచుకోకుండా కోర్టుకు లొంగిపోయాడు. ప్రభుత్వమే అక్రమాలు చేసిందని తేలి 1973లో కేసు కొట్టివేశారు.

మన దగ్గర ఇంకో మార్గం చూపినవారు అంబేద్కర్. కేంద్ర న్యాయశాఖ మంత్రిగా రహస్య ప్రమాణం చేసినవారు ఆయన. పదవిలో ఉండి చాటుగా కాగితాలు బయటికి పంపలేదు. 1951 సెప్టెంబర్‌లో రాజీనామా ఇచ్చారు. అక్టోబర్‌లో సభలో ప్రకటన చదవడానికి డిప్యూటీ స్పీకర్ పెట్టిన షరతులకు నిరసనగా బయటికి నడిచి, దాన్ని పత్రికలకు ఇచ్చారు. హిందూ కోడ్ బిల్లు ఎందుకు ఆగిందో, కేబినెట్ ముఖ్యమైన కమిటీలలో తనకు ఎట్లా చోటు లేకుండా పోయిందో అందులో చెప్పారు. రాజ్యాంగం రాసిన మనిషినే లోపలి గది బయట నిలబెట్టిన దేశం ఇది.

ఈ అనుభవాల నుంచి కొన్ని ప్రశ్నలు తయారుచేసుకోవచ్చు. ఈ రహస్యం బలవంతుణ్ణి కాపాడుతోందా, బలహీనుణ్ణా? బయటపడితే ఎవరి ప్రాణానికి, మానానికి ముప్పు? బయటపెట్టేవాడు పైసలు, పదవి ఆశిస్తున్నాడా? చట్టబద్ధమైన దారి ప్రయత్నించామా? అవసరమైనంతే బయటపెడుతున్నామా? వీటికి జవాబు చెప్పలేని లీకు సాహసం అనిపించుకోవచ్చు గానీ న్యాయం అనిపించుకోదు.

రెండో ప్రశ్న మీద కొంచెం ఆగాలె. 2019 నవంబర్‌లో ఆసిఫాబాద్ జిల్లా లింగాపూర్ మండలంలో అత్యాచారం చేసి చంపిన దళిత స్త్రీని 'సమత' అనే మారుపేరుతో పిలిచారు. బాధితురాలి పేరు దాచమని చట్టమే చెప్తుంది. అట్రాసిటీ కేసుల్లో సాక్షుల, బాధితుల రక్షణ కోసం 2015 సవరణ ప్రత్యేకంగా హక్కులు ఇచ్చింది. సాక్షి వాంగ్మూలం, ఇంటి జాడ ఊరి దొరకు చేరితే ఏం జరుగుతుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. అధికారం గురించిన కాగితం జనానికి తెరవాలె, గాయపడ్డవాని కాగితం అధికారానికి చిక్కనియ్యొద్దు.

మూట మోసేది మళ్లీ మనమేనా?

ఆఫీసులో కాగితం బయటికి పోతే విచారణ ఎవరితో మొదలవుతుంది? జిరాక్స్ తీసిన అటెండర్‌తో, టైపు కొట్టిన జూనియర్ అసిస్టెంట్‌తో. రిజర్వేషన్ మీద వచ్చినవాడైతే 'వీళ్లను నమ్మొద్దు' అన్న మాట తోడవుతుంది. 1964 ప్రవర్తనా నియమాల కింద మెమో, ఆపైన సస్పెన్షన్. ఆ ఒక్క జీతం మీద వాడలో నాలుగు కుటుంబాలు బతుకుతుంటాయి. పెద్ద అధికారి తనకు నచ్చిన విలేకరికి ఫోన్లో చెప్పేదాన్ని మాత్రం 'విశ్వసనీయ వర్గాల సమాచారం' అంటారు. లీకులోనూ అంతస్తులున్నాయి.

అవినీతిని బయటపెట్టేవాళ్ల రక్షణ కోసం 2014లో చట్టం చేశారు. రాష్ట్రపతి ఆమోదం పొందిన ఆ చట్టాన్ని ఏండ్లు గడిచినా అమల్లోకి తేలేదు. కాబట్టి సంఘాలు, విలేకరులు ఒక మాట పట్టుకోవాలె. చిన్న ఉద్యోగిని వీరుణ్ణి చేసే తొందరలో వాని బతుకు బజారున పెట్టొద్దు. బరువు సంఘం మోయాలె.

మోయడానికి సాధనం ఉన్నది. 2005 సమాచార హక్కు చట్టం 8వ సెక్షన్ రెండో ఉపసెక్షన్, 1923 చట్టం అడ్డున్నా సరే, ప్రజాప్రయోజనం పెద్దదైతే సమాచారం ఇవ్వొచ్చంటుంది. 2019 ఏప్రిల్ 10న రాఫెల్ కేసులో లీకైన పత్రాలను చూడొద్దన్న కేంద్రం అభ్యంతరాన్ని సుప్రీంకోర్టు తోసిపుచ్చినప్పుడు ఈ నిబంధన కూడా చర్చకు వచ్చింది. అదే ఏడాది నవంబర్‌లో ఆ పిటిషన్లు వీగిపోయాయి. పత్రం దొరకడం ఒకటి, గెలవడం ఇంకొకటి అని దాన్నుంచి నేర్చుకోవాలె.

పది రూపాయల దరఖాస్తు, దారిద్ర్యరేఖకు దిగువనున్నవాళ్లకు అదీ లేదు. జవాబుకు 30 రోజులు, ప్రాణానికి స్వేచ్ఛకు సంబంధించినదైతే 48 గంటలు. నకళ్లు అడగడమే కాదు, ఆఫీసుకు పోయి ఫైలు ముందు కూర్చొని చూసే హక్కు కూడా ఉన్నది. లోపలి నుంచి ఒక మాట తెలిస్తే, అదే ఫైలును సంఘం పేరు మీద కాక మనుషుల పేర్ల మీద పదిమంది అడగొచ్చు. అప్పుడు చెప్పినవాడు దొరకడు, కాగితానికి జమానతు దొరుకుతుంది.

దఫ్తర్ మోసినవాని మనుమడు ఇవాళ దఫ్తర్ చదవగలడు. వాణ్ణి దొంగ అనే ముందు ఆ దఫ్తర్‌ను ఇన్నేండ్లు ఎవరు దాచారో అడగాలె. ఈ విషయం మీద ఉపాధ్యాయులు, విద్యార్థులు, ముఖ్యంగా కిందిస్థాయి ఉద్యోగులు తమ అనుభవాలతో చర్చను ముందుకు తీసుకుపోవాలని కోరుతున్నాం.