సున్నితమైన చెవి - ఉద్ధృతమైన పాట

పాట మరీ బిగ్గరగా ఉన్నదని వ్రాయు శ్రోతలు రేడియోకు క్రొత్తవారు కారు. మీటను కొంచెము త్రిప్పి ధ్వని తగ్గించుకొనుడని చెప్పుట వారికి సామాన్యముగా లభించు సమాధానము. కాని తగ్గించినను బాధ తీరని శ్రోతలు కొందరు కలరు. పళ్లెముపై గరిట రాచినప్పుడు మనలో పలువురికి ఒడలు జలదరించును గదా; అంతకంటె తీవ్రమైన అనుభవము వారికి ఒక మంచి పాట నడుమనే కలుగును. వారికి సంగీతమన్న విముఖత యని తలచుట న్యాయము కాదు. పెక్కుమంది ఆ పాటనే కోరి విందురు. ఒకానొక చోటికి వచ్చునప్పటికి మాత్రము చెవులు మూసికొందురు.

ఉదాహరణకు ఒక ఆంగ్లగీతమును గ్రహింతము. లండను నగరమునకు చెందిన ఫ్లోరెన్స్ అండ్ ది మెషీన్ అను బృందము 2008 డిసెంబరులో వెలువరించిన ‘డాగ్ డేస్ ఆర్ ఓవర్’ అను పాట యది. 2009లో వచ్చిన వారి తొలి సంపుటము ‘లంగ్స్’ దీనితోనే మొదలగును. దీనిని ఇండీ పాప్ అను శాఖలో చేర్చుదురు. పెద్ద కంపెనీల అండ లేని చిన్న రికార్డు సంస్థలు 1980 తరువాతి సంవత్సరములలో బ్రిటనులో పెంచిన సంగీతమునకు ఆ పేరు స్థిరపడినది. నేడు పేరు మిగిలినది గాని ఆ నియమము అంతగా మిగులలేదు.

పాట నిడివి నాలుగు నిమిషములకు కొంచెము పైమాట. హార్ప్ అను తంత్రీవాద్యమును మెల్లగా మీటుటతో అది ఆరంభమగును. గాయని ఫ్లోరెన్స్ వెల్చ్ కంఠము తనలో తాను పాడుకొనుచున్నట్లు వినవచ్చును. పిమ్మట చప్పట్లు చేరును. తరువాత డ్రమ్ములు, పలు కంఠములు ఒక్కపెట్టున వచ్చి మీద పడును. చివరి భాగమున ఆ హోరంతయు అణగిపోయి కంఠము దాదాపు ఒంటరిగా నిలుచును. శ్రోత కొంచెము తేరుకొనులోపల సర్వవాద్యములు తిరిగి విజృంభించును. మన పెండ్లిండ్లలో మాంగల్యధారణ వేళ పురోహితుడు చేయి యెత్తగానే మ్రోగు గట్టిమేళమును తలచుకొన్నచో ఈ ఎత్తుగడ సుబోధమగును. అయితే అక్కడ ఎత్తిన చేయి కనబడును. రేడియోలో కనబడదు.

ఈ భేదము చిన్నది కాదు. చెవిని నొప్పించునది బిగ్గరతనము మాత్రమే కాదు, ఆకస్మికత గూడ. మధ్యచెవిలో అంకవన్నె అను ఎముకను పట్టియున్న ఒక కండరము కలదు. మన శరీరమున ఎముకలకు అంటియున్న కండరములలో అంత చిన్నది వేరొకటి లేదు. పెద్ద శబ్దము సోకినప్పుడు అది బిగిసి, లోపలిచెవికి పోవు ధ్వనిని కొంత తగ్గించును. కాని పూర్తిగా బిగియుటకు సుమారు సెకనులో పదవవంతు కాలము కావలెను. అరచేతుల తాకిడి అంతకుముందే లోపలికి చేరిపోవును. కావలివాడు తలుపు మూయునప్పటికి దొంగ ఇల్లు దూరినట్లే. పైగా మన చెవి అన్ని స్వరస్థాయిలను సమముగా వినదు. సెకనుకు 2000 నుండి 5000 కంపనముల మేరలో అది మిక్కిలి చురుకైనది. చప్పట్లలోని పదును, గొంతెత్తి పాడు స్త్రీకంఠములోని మెరుపు చాలవరకు ఆ మేరలోనో, దాని దాపుననో ఉండును.

ఇవి అందరి చెవులకును వర్తించును. కొందరియందు మాత్రము నిత్యజీవితములోని ధ్వనులే దుస్సహములగును. ఈ స్థితిని వైద్యులు హైపర్‌ఎక్యూసిస్ అందురు. దానికి మూలము చెవిలోనే ఉండనక్కరలేదు. చెవినుండి మెదడునకు పోవు మార్గమున ధ్వని మితిమీరి పెంపబడుచున్నదని పలువురు పరిశోధకుల అభిప్రాయము. అనగా యాంప్లిఫయరు మీటను ఎవరో పైకి త్రిప్పి అట్లే వదలినారన్నమాట. ఆటిజము గల పిల్లలలో అనేకులకు ఇట్టి బాధ కలదు. అమెరికా మనోవైద్యుల సంఘము 2013లో తన రోగనిర్ణయ గ్రంథము 5వ కూర్పునందు ఇంద్రియానుభవములలోని హెచ్చుతగ్గులను ఆటిజము లక్షణములలో చేర్చినది. మన ఇండ్లలోను బడులలోను అట్టి పిల్లలకు నేటికిని తరచుగా దక్కుచున్న పేరు ‘పెంకితనము’.

ఇక మా వృత్తికి చెందిన మాట. కంప్రెసరు అను సాధనము హెచ్చు ధ్వనిని అణచును. పిదప మొత్తమును పెంచినచో తగ్గు ధ్వని పైకి వచ్చి, రెండును దగ్గరగును. పాటను దాని గుండ నడిపినచో ఉలికిపాటు తప్పునని తోచును. కొంత తప్పును గూడ. కాని అప్పుడు మెల్లని భాగములు మెల్లగా ఉండవు. చెవికి విశ్రాంతి దొరకదు. ఎడతెగని దట్టమైన ధ్వనిని నాలుగు నిమిషములు భరించుట సున్నితమైన చెవికి మరియొక విధమైన శ్రమ. అదిగాక ఆ ఎత్తుపల్లములే ఈ పాటకు ప్రాణము. వానిని చదును చేసి వినిపించుట మాకు సమ్మతము కాదు. ఐరోపా ప్రసార సంఘము 2010లో కార్యక్రమముల సగటు బిగ్గరతనమునకు ఒక కొలతను సిఫారసు చేసినది. మెచ్చదగిన పనియే, కాని ఒక్క పాట లోపలి దూకుడును గూర్చి సగటు ఏమియు చెప్పజాలదు.

చెవిలో దూది పెట్టుకొమ్మను సలహా ఒకటి కలదు. గట్టిమేళము వేళ, బాణసంచా వేళ చెవిబిరడాలు మేలే. దినమంతయు పెట్టుకొనుట మేలు కాదు. ఫార్మ్‌బీ, షెర్లాక్, గోల్డ్ అను అమెరికా పరిశోధకులు 2003లో ప్రకటించిన ప్రయోగములో, రెండు వారములు బిరడాలు ధరించినవారికి ధ్వనులు మునుపటికంటె బిగ్గరగా తోచినవి. అంతకాలము సన్నని హోరును వినుచుండినవారికి సహనము పెరిగినది. నిశ్శబ్దమునకు అలవాటుపడిన చెవి మరింత సున్నితమగునన్నమాట. బాధ తీవ్రముగా ఉన్నవారు చెవివైద్యుని చూపించుకొనవలెను.

వినవలెనని కోరిక గలవారికి మేము చెప్పునది వేరు. తాను చేయబోవు చప్పుడునకు ఎవడును అంతగా ఉలికిపడడు; ఏమి రానున్నదో మెదడు ముందుగా ఎరిగియుండుటయే కారణము. కావున పాట నడకను ముందు మాటలతో తెలిసికొనుడు. తొలిసారి చెవులకు తగిలించుకొను హెడ్‌ఫోనులతో కాక, గదిలో కొంచెము దూరముగా ఉంచిన స్పీకరుపై మెల్లగా వినుడు. వినువాడు పిల్లవాడైనచో మీట వాని చేతిలోనే ఉండవలెను. ఆపుటకు హక్కున్నదని ఎరిగిన పిల్లవాడు తరచుగా ఆపడు. లండనులోని రాయల్ ఆల్బర్ట్ హాలులో 2017 ప్రామ్స్ ఉత్సవమున ఇట్టి శ్రోతల కొరకై ఒక కచేరీ ఏర్పాటైనది. మధ్యలో లేచి వెలుపలికి పోవుటకును, మరల వచ్చుటకును అందు స్వేచ్ఛ ఉండెను. రేడియో ముందు కూర్చున్న శ్రోతకు ఆ స్వేచ్ఛ ఎట్లును కలదు. కొరతపడినది ఎత్తిన చేయి యొక్కటియే. దానిని ప్రకటనకర్త తన మాటలతో ఎత్తవచ్చును:

“ఇప్పుడు వినబోవు పాట మెల్లగా మొదలగును. చప్పట్లు చేరిన పిదప డ్రమ్ములు ఒక్కసారిగా వచ్చును. చివరి భాగమున పాట ముగిసినట్లే తోచును. ముగియదు; హోరు మరల వచ్చును.”

దీనిని చదువుటకు పట్టు కాలము సుమారు పదునైదు సెకనులు.