కారు అద్దంలో తాళంచెవి

మద్రాసులో పుట్టి పెరిగిన నాబోటివాళ్ళకు గ్యారేజీ అంటే మెకానిక్ షెడ్డే. కారు పెట్టుకునే చోటును మా నాన్నగారు 'కార్ షెడ్డు' అనేవారు, ఆయనకు కారు ఏనాడూ లేకపోయినా. అమెరికాలో ఉన్న మా అమ్మాయి ఫోనులో "గరాజ్‌లో ఉన్నాను నాన్నా" అని మొదటిసారి అన్నప్పుడు కారు పాడైందేమో అనుకుని కంగారుపడ్డాను. ఆ ఇళ్ళలో గరాజ్ అంటే ఇంటిలో ఒక గది. దాని తలుపు గోడంత వెడల్పు, మీట నొక్కితే పైకి లేస్తుంది. వీధివైపు సింహద్వారం ఉన్నా అది చుట్టాలకూ, కొరియర్ వాళ్ళకూ మాత్రమే. ఇంటివాళ్ళ రాకపోకలన్నీ గరాజ్ గుండానే.

2023 మే నెలలో నేనూ, మా ఆవిడా డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఉన్న అమ్మాయి ఇంటికి వెళ్ళాం. బ్యాంకులో సెలవు దొరకడం ఎంత కష్టమో చెప్పడానికి ఇది చోటు కాదు. ఎలాగో ఆరు వారాలు దొరికింది. వెళ్ళిన రెండో శనివారం మా అల్లుడు పాత కారు ఇచ్చి కొత్త కారు తెచ్చాడు. హారతి, నిమ్మకాయలు, కొబ్బరికాయ అన్నీ మామూలే. అవి అయ్యాక, "మావయ్యగారూ, మీకు మిషన్ల సంగతులు ఇష్టం కదా, రండి" అని నన్ను కారులో కూర్చోబెట్టాడు.

డ్రైవరు తల దగ్గరుండే వెనకచూపు అద్దం అడుగున వరసగా మూడు చిన్న బటన్లున్నాయి. పక్కన ఇంటి బొమ్మ. దీన్ని హోమ్‌లింక్ అంటారు. మిచిగన్ రాష్ట్రంలో హాలండ్ అనే ఊళ్ళో ప్రిన్స్ కార్పొరేషన్ అనే సంస్థ తయారుచేసింది. కారు ఎండతెర మీద దీపాలున్న అద్దం పెట్టి పేరు తెచ్చుకున్నదీ ఆ సంస్థే. 1996లో జాన్సన్ కంట్రోల్స్ దాన్ని కొనుక్కుంది. 2013లో హోమ్‌లింక్ జెంటెక్స్ అనే అద్దాల కంపెనీ చేతికి వెళ్ళింది. సుమారు 70 కోట్ల డాలర్ల బేరం. మూడు బటన్లకు అంత ధరా అని నాలోని కామర్సు విద్యార్థి ముక్కున వేలేసుకున్నాడు.

ఇక ఆ బటన్‌కు పాఠం చెప్పడం. ముందు పక్కనున్న రెండు బటన్లనూ కలిపి దీపం గబగబా మిణుకుమనే దాకా నొక్కి పట్టాలి. కొన్ని కార్లలో పది సెకన్లు, పాతవాటిలో ఇరవై. లోపల ఏమైనా జ్ఞాపకాలుంటే తుడిచిపెట్టుకుపోతాయి. తర్వాత గరాజ్ తలుపుకు వాడే చేతి రిమోట్‌ను అద్దానికి రెండు మూడు అంగుళాల దూరంలో పెట్టి, రిమోట్‌నూ, మనకు కావలసిన బటన్‌నూ ఒకేసారి నొక్కి ఉంచాలి. మెల్లగా మిణుకుమనే దీపం కాసేపటికి వేగం పుంజుకుంటుంది. అంటే రిమోట్ పలికే పలుకును కారు విన్నదన్నమాట. అక్కడి గరాజ్ రిమోట్లు చాలావరకు 300 నుంచి 390 మెగాహెర్ట్జ్ మధ్య పలుకుతాయి. మన దేశంలో గేట్లకు ఎక్కువగా వాడేది 433.92.

ఇంతవరకు బాగానే అయింది. కొత్త బటన్ నొక్కితే మాత్రం తలుపు కదలలేదు. దీపం రెండు సెకన్లు మిణుకుమని నిలిచిపోయింది. అల్లుడు పుస్తకం తిరగేశాడు. అలా మిణుకుమంటే తలుపు 'రోలింగ్ కోడ్' రకమట. గరాజ్ పైకప్పుకు వేలాడే మోటారు వెనక 'లెర్న్' అని ఒక చిన్న మీట ఉంటుంది. నిచ్చెనెక్కి అది నొక్కి, ముప్పై సెకన్లలో కారులోకి వచ్చి కొత్త బటన్‌ను రెండు సెకన్లపాటు నొక్కి వదలాలి. అవసరమైతే రెండోసారి, మూడోసారి. నేను నిచ్చెన మీద, అల్లుడు కారులో. తలుపు లేచింది. మనవడు చప్పట్లు కొట్టాడు.

ఈ రోలింగ్ కోడ్ ఏమిటో అల్లుడు చెబుతుంటే నాకు 1993 గుర్తొచ్చింది. అప్పుడు నేను కొత్తగా చేరిన గుమాస్తాను. ఊరి నుంచి ఊరికి డబ్బు తంతి మీద వెళ్ళేది, టి.టి. అనేవాళ్ళం. తంతిలో మొత్తంతో పాటు ఒక అంకె వచ్చేది. తేదీకి ఇంత, మొత్తానికి ఇంత, శాఖకు ఇంత, వరస నంబరుకు ఇంత అని రహస్య పుస్తకంలోని పట్టికలు చూసి కూడితే వచ్చే అంకె అది. అందుకున్న శాఖలో ఆఫీసరు తన పుస్తకం తీసి మళ్ళీ కూడేవాడు. సరిపోతేనే చెల్లింపు. నిన్నటి తంతి కాగితం ఎవడికైనా దొరికినా ఇవాళ పనికిరాదు. ఆ వరస నంబరు అయిపోయింది కాబట్టి. రోలింగ్ కోడ్ కూడా సరిగ్గా ఇదే. నొక్కిన ప్రతిసారీ రిమోట్‌లో లెక్క ఒకటి పెరుగుతుంది. దాన్ని రహస్య సూత్రంతో మార్చి పంపుతుంది. మోటారు తన దగ్గరున్న లెక్కతో పోల్చుకుంటుంది. వాడిన అంకెను మళ్ళీ ఒప్పుకోదు. పిల్లలు దూరంగా ఎక్కడో కూర్చుని రిమోట్ ఊరికే నొక్కితే లెక్క ముందుకు పోతుంది గదా, అందుకని కొంత ముందున్న అంకెనూ ఒప్పుకుంటుంది. కీలాక్ అనే పద్ధతిలో ఆ వెసులుబాటు పదహారు నొక్కుల వరకు. అంతకు మించితే వరసగా రెండుసార్లు నొక్కి నమ్మించాలి. ఈ కీలాక్ 1980లలో దక్షిణాఫ్రికాలో పుట్టింది. దాన్నీ 2008లో జర్మనీ పరిశోధకులు ఛేదించారు. తాళం ఉన్నచోట దొంగ కూడా చదువుకుంటాడు.

లెర్న్ మీట నొక్కడమంటే ఖాతా తెరిచేటప్పుడు నమూనా సంతకం తీసుకోవడం లాంటిది. కారు ఎంత బాగా పలికినా, మోటారు పుస్తకంలో దాని సంతకం లేకపోతే చెల్లదు.

ఆ రాత్రి భోజనాల దగ్గర నాకొక అనుమానం వచ్చింది. బ్యాంకు ఉద్యోగిని. ఒక శాఖ నుంచి బదిలీ అయితే తాళంచెవులు ఎవరికి అప్పగించామో పుస్తకంలో రాసి, ఇద్దరూ సంతకం పెట్టందే ఊరు కదలం.

"పాత కారులో కూడా ఈ బటన్లు ఉండేవా?" అన్నాను.

"ఉండేవి మావయ్యగారూ."

"వాటిని తుడిపావా?"

అల్లుడు మాట్లాడలేదు. అమ్మాయి చెయ్యి పెరుగు గిన్నె మీదే ఆగిపోయింది. కారుతో ఇచ్చిన కాగితాల మీద ఇంటి చిరునామా ఉంది. కారులోని మ్యాపులో 'హోమ్' అని ఇల్లే ఉంది. గరాజ్‌కూ వంటింటికీ మధ్య తలుపుకు వాళ్ళు ఏనాడూ గడియ పెట్టరు. అల్లుడు నెలకు పది రోజులు ఊళ్ళు తిరుగుతాడు. ఆ కారు ఎవరు కొంటే వాళ్ళు మా అమ్మాయి ఇంటి తలుపు తియ్యగలరు.

కారు కోసం పరుగెత్తనక్కరలేదని మరుసటి నిమిషంలో తేలింది. లెర్న్ మీటనే ఆరు సెకన్లపాటు, దీపం ఆరిపోయే దాకా నొక్కి పట్టుకుంటే మోటారు పుస్తకంలో ఉన్న సంతకాలన్నీ చెరిగిపోతాయి. రాత్రి తొమ్మిదిన్నరకు మళ్ళీ నిచ్చెన. తర్వాత చేతి రిమోట్లనూ, కొత్త కారునూ ఒక్కొక్కటిగా మళ్ళీ చేర్చాం. కొత్త కారుకు పాఠం మొదటి నుంచి చెప్పాల్సిన పని లేదు, ఎందుకంటే కారు ఏమీ మరచిపోలేదు, కారును మోటారే మరచిపోయింది. మీ పిల్లలు కారు అమ్ముతున్నా, పాత ఇల్లు కొంటున్నా ఈ ఒక్క మాట ఫోను చేసి చెప్పండి. ఇల్లు కొన్నవాళ్ళయితే పాత యజమాని కారు ఇంకా ఆ పుస్తకంలోనే ఉండవచ్చు. అన్నట్టు 1982 ఏప్రిల్‌కు ముందు తయారైన పాత మోటార్లకు ఈ బటన్ కలపవద్దని హోమ్‌లింక్ వాళ్ళే హెచ్చరిస్తారు. ఏదైనా అడ్డు తగిలితే ఆగి వెనక్కి వెళ్ళే ఏర్పాటు వాటికి ఉండదు. 1993 నుంచి అక్కడ తయారయ్యే వాటికి అలాంటి రక్షణ చట్టప్రకారమే తప్పనిసరి. తలుపు అడుగున నేలకు ఆరంగుళాల లోపు కనిపించే రెండు చిన్న కళ్ళు అందుకే.

ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. ప్రయాణబడలిక కాదు. మా వెస్ట్ మాంబళం అపార్టుమెంటు గేటు గుర్తొచ్చింది.

మాది పద్దెనిమిది ఫ్లాట్ల భవనం. పక్కకు జరిగే ఇనుప గేటు. మోటారు, రిమోట్లు 2014లో పెట్టించాం. బ్యాంకు ఉద్యోగి అంటే కోశాధికారి పదవి తప్పదు కదా, అది అప్పటి నుంచీ నాదే. 2019లో ఒక రాత్రి కింద పార్కింగు నుంచి ఒక స్కూటరు మాయమైంది. గేటు విరగలేదు, తాళం పగలలేదు, చక్కగా తెరిచి చక్కగా మూశారు. రిమోట్ ఉన్నవాళ్ళు మనవాళ్ళే, మిగిలింది వాచ్‌మన్ ఒక్కడే అని కమిటీలో అందరూ అన్నారు. అరవై దాటిన మనిషి. విల్లుపురం దగ్గర ఊరు. ఐదేళ్ళు మా గేటు కాశాడు. రాత్రి ఒంటిగంటకు వచ్చినా లేచి నమస్కారం పెట్టేవాడు. పోలీసులు రెండు రోజులు పిలిచి అడిగి వదిలేశారు. మేం వదల్లేదు. నెలాఖరుకు పంపేశాం. ఆఖరి జీతం చెక్కు మీద సంతకం నాది. తీర్మానం కింద కూడా.

జూలైలో తిరిగి రాగానే మా గేటు రిమోట్ ఒకటి జేబులో వేసుకుని తాళాలు చేసే ఒక దుకాణానికి వెళ్ళాను. కుర్రవాడు నా రిమోట్ పక్కన ఖాళీ రిమోట్ పెట్టి రెండూ కలిపి నొక్కాడు. నిమిషం కూడా పట్టలేదు. "మీదేనా సార్ ఇది?" అని కూడా అడగలేదు. ఇంటికి వచ్చి నొక్కితే గేటు తెరుచుకుంది. ఫ్రిస్కోలో మొదట కారు చేసిన పనే ఇది. అయితే మా మోటారుకు రోలింగ్ కోడ్ లేదు. ఎన్నిసార్లు నొక్కినా రిమోట్ ఒకటే అంకె పలుకుతుంది, మోటారు ఎవరు పలికినా నమ్ముతుంది. లోపల పన్నెండు బుల్లి స్విచ్చులుండే పాత రకాలైతే మరీ సులువు, మొత్తం కలిపి 4,096 కూర్పులే. 2015లో శామీ కమ్‌కార్ అనే అమెరికా పరిశోధకుడు పిల్లల ఆటబొమ్మ ఒకదాన్ని మార్చి, అలాంటి గరాజ్ తలుపులు పది సెకన్లలోపే తెరవవచ్చని చూపించాడు.

తర్వాత రిజిస్టరు తీశాను. రిజిస్టరంటే పెద్ద మాట, పాత డైరీ. 2014 నుంచి నలభై మూడు రిమోట్లు ఇచ్చాం. ఖాళీ చేసిన అద్దెవాళ్ళు తిరిగి ఇచ్చినవి ఆరు. పద్దెనిమిది ఫ్లాట్లలో ఉన్నవి ఇరవై ఎనిమిది. మిగతా తొమ్మిది ఎక్కడున్నాయో ఆ పైవాడికి తెలియాలి. వాటికి ఎన్ని నకళ్ళున్నాయో పైవాడికీ తెలియదేమో. బ్యాంకులో ఒక్క తాళంచెవి లెక్క తేలకపోతే తాళమే మార్చే మనిషిని, మా ఇంటి గేటు దగ్గర ఐదేళ్ళు ఇది చూడలేదు. చూడకుండానే ఒక మనిషి మీద సంతకం పెట్టాను.

ఆగస్టు సమావేశంలో కమిటీ ముందు రెండు రిమోట్లూ పెట్టి గేటు తెరిచి చూపించాను. కొందరు స్కూటరు మాట మళ్ళీ ఎందుకన్నారు. ఒకాయన, "అయితే వాడు తీయలేదని రుజువుందా?" అన్నారు. లేదు. తీశాడని కూడా లేదు, అన్నాను. గంటన్నర వాదనయ్యాక రోలింగ్ కోడ్ రిసీవర్, గేటుకు అడ్డువస్తే ఆపే కళ్ళు పెట్టించడానికి ఒప్పుకున్నారు. ఫ్లాటుకు రెండు రిమోట్లు, సంతకం పెట్టి తీసుకోవాలి, ఖాళీ చేసినప్పుడు ఇవ్వకపోతే ఆ నంబరు మోటారులో చెరిపేయాలి. చేత్తో గేటు తెరిచే చెవి ఎక్కడుందో బోర్డు మీద రాయించాను. ఆ డిసెంబరులో మిచాంగ్ తుపానుకు కరెంటు పోయినప్పుడు ఆ చెవే అందరికీ పనికొచ్చింది. 2015 వరదలప్పుడు అది ఎక్కడుందో తెలియక కార్లు నీళ్ళలోనే వదిలేశాం.

పెద్దాయన జాడ తెలుసుకోవడానికి నెల పట్టింది. మా వీధి ఇస్త్రీ ఆయన చెప్పాడు, వలసరవాక్కంలో ఒక కల్యాణమండపం దగ్గర ఉన్నాడని. ఆదివారం వెళ్ళాను. గేటు దగ్గర ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు. తమిళంలోనే జరిగింది చెప్పాను, రిమోట్ సంగతీ, డైరీ సంగతీ. అంతా విన్నాడు.

"ఆ బండి దొరికిందా సార్?" అన్నాడు.

దొరకలేదన్నాను. మళ్ళీ మా దగ్గరికి వస్తావా అని అడిగాను. తల అడ్డంగా ఊపాడు. ఇక్కడ బాగానే ఉందట, పెళ్ళిళ్ళ రోజుల్లో భోజనం కూడా పెడతారట. కాసేపాగి, ఒక కాగితం రాసిస్తారా అన్నాడు. ఊళ్ళో కొడుకుకు చూపించాలట. సంఘం లెటర్‌హెడ్ మీద, ఈయన మీద ఎలాంటి రుజువూ లేదు, పంపడం మా పొరపాటు అని రాసి, కార్యదర్శి చేతా, నా చేతా సంతకాలు పెట్టించి మర్నాటి సాయంత్రం తీసుకెళ్ళాను. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. ఇంతలో మండపానికి పూలబండి వచ్చింది. గేటు తియ్యడానికి వెళ్ళాడు. ఆ గేటుకు మోటారు లేదు, గొలుసూ తాళమూ.