బొగ్గును కరిగించే దాత

శ్రీకాకుళం తీరంలో మరపడవకు పోసే డీజిలులోను, సింగరేణి గనుల బొగ్గులోను ప్రధాన మూలకం ఒక్కటే, అది కర్బనం. భేదమంతా ఉదజనిలో, అనగా హైడ్రోజన్‌లో ఉన్నది. డీజిలులో ఒక్కొక్క కర్బన పరమాణువుకు దాదాపు రెండు ఉదజని పరమాణువులుంటాయి. బొగ్గులో సాధారణంగా ఒకటి కంటె తక్కువ. ఈ కొరతను తీర్చినచో బొగ్గు ద్రవ ఇంధనమవుతుంది. జర్మనీ శాస్త్రవేత్త ఫ్రెడరిక్ బెర్గియస్ 1913లో బొగ్గుపొడిని నూనెతో కలిపి, అధిక పీడనంలో ఉదజనిని చేర్చి దీనిని సాధించాడు. 1931లో నోబెల్ బహుమతి పొందాడు.

ఇందులో ద్రావణి పాత్ర విశిష్టమైనది. నీరు ఉప్పును కరిగించినట్లు అది బొగ్గును కరిగించి ఊరకుండదు. సుమారు 400 డిగ్రీల సెల్సియస్ వేడికి బొగ్గులోని పెద్ద అణువులు ముక్కలవుతాయి. వెంటనే ఉదజని అందకపోతే ఆ ముక్కలు మరల ఒకదానినొకటి అంటుకొని గట్టి కోకుగా మారుతాయి. పడిన శ్రమ అంతా వృథా. టెట్రాలిన్ అనే ద్రావణి తన అణువునుండి 4 ఉదజని పరమాణువులను దానం చేసి, తాను నాఫ్తలీనుగా మిగులుతుంది. బట్టల పెట్టెలో వేసే కలరా ఉండలు ఆ పదార్థంతో చేసినవే! కవచకుండలాలు ఒలిచి ఇచ్చిన కర్ణుడు స్ఫురించక మానడు. అయితే కర్ణునికి అవి తిరిగి రాలేదు. నాఫ్తలీనుకు ఉదజనిని మరల చేర్చి టెట్రాలిన్‌గా మార్చవచ్చు.

ముడిచమురులో అధికభాగాన్ని దిగుమతి చేసుకొనే మన దేశానికి ఈ మార్గం ఆకర్షణీయమే. కాని ఆ ఉదజనిని ఉత్పత్తి చేయడానికి అయ్యే వ్యయం తక్కువ కాదు.