భూమికి బాకీ

మొన్న రాత్రి ల్యాబ్ రివ్యూ కోసం, భూమి చుట్టూ ఒక శాటిలైట్ తిరిగే ప్రోగ్రామ్ పైథాన్‌లో రాశాను. రన్ చేస్తే అది ఒకే దారిలో తిరగడం లేదు. ప్రతి చుట్టుకీ కాస్త బయటికి జరుగుతోంది. ఇంజిన్ లేదు, నెట్టేవాళ్ళు లేరు. పొద్దున తొమ్మిదికి రివ్యూ! అసలు కక్ష్య ఆకారం దేన్ని బట్టి వస్తుందో ముందు అర్థం చేసుకోవాల్సి వచ్చింది.

మా కర్నూలు కొండారెడ్డి బురుజు మీద నుంచి ఒక రాయిని అడ్డంగా విసిరామనుకోండి. గాలి లేదనుకుందాం. మామూలుగా విసిరితే కింద పడుతుంది. సెకనుకు 7.9 కిలోమీటర్ల వేగంతో విసిరితే భూమి చుట్టూ గుండ్రంగా తిరుగుతుంది. ఇంకా పెంచితే ఆ వృత్తం సాగి ఎలిప్స్ అవుతుంది. 11.2 దగ్గర పారాబోలా, ఇక తిరిగి రాదు. అది కూడా దాటితే హైపర్‌బోలా.

చలనశక్తినీ స్థితిశక్తినీ కలిపితే వచ్చే మొత్తం మైనస్ అయితే ఎలిప్స్, సున్నా అయితే పారాబోలా, ప్లస్ అయితే హైపర్‌బోలా. మైనస్ అంటే భూమికి బాకీ ఉన్నట్టు. బాకీ తగ్గేకొద్దీ ఎలిప్స్ పొడవు పెరుగుతుంది. కానీ శక్తి చెప్పేది పొడవే. అది గుండ్రంగా ఉంటుందా, సన్నగా ఉంటుందా అన్నది యాంగ్యులర్ మొమెంటం తేలుస్తుంది.

2013 నవంబర్ 5న శ్రీహరికోట నుంచి వెళ్ళిన మంగళయాన్ ఈ బాకీని వాయిదాల్లో కట్టింది. భూమికి దగ్గరగా వచ్చినప్పుడల్లా ఇంజిన్ మండించేవాళ్ళు, కక్ష్య అవతలి కొన ఇంకా దూరం జరిగేది. నవంబర్ 11న నాలుగో వాయిదాలో తేడా వచ్చింది. వేగం సెకనుకు 130 మీటర్లు పెరగాల్సింది, 35 మాత్రమే పెరిగింది. లక్ష కిలోమీటర్లకు చేరాల్సిన కొన 78,276 దగ్గరే ఆగింది. మర్నాడు మళ్ళీ మండించి 1,18,642కి చేర్చారు. డిసెంబర్ 1న బాకీ పూర్తిగా తీరి, ఎలిప్స్ కాస్తా హైపర్‌బోలా అయింది. 2014 సెప్టెంబర్ 24న అంగారకుడి దగ్గర మాత్రం ఉల్టా పని. ఇంజిన్‌ని ఎదురు దిశలో మండించి శక్తి తగ్గించుకుంటేనే, అంటే అంగారకుడికి బాకీ పడితేనే, దాని చుట్టూ తిరగగలిగింది.

ఇది అర్థమయ్యాక నా ప్రోగ్రామ్‌లో ప్రతి స్టెప్పుకీ మొత్తం శక్తిని ప్రింట్ చేశాను. మారకూడని అంకె మెల్లగా పెరుగుతోంది. నా కోడే దొంగచాటుగా బాకీ తీర్చేస్తోంది! పాత వేగంతో స్థానం మార్చి, ఆ తర్వాత వేగం మారుస్తున్నాను. ముందు వేగం, తర్వాత ఆ కొత్త వేగంతో స్థానం. రెండు లైన్లు అటూ ఇటూ మార్చాను, అంతే. శాటిలైట్ ఇక బయటికి జరగలేదు.

మీ సిమ్యులేషన్‌లో ఆకారం చెడితే, ముందు శక్తి లెక్క చూడండి.