అవ్వ పాటను ఇంట్లో రికార్డు చేయడం: ప్రీయాంప్, కంప్రెసర్

రామభజన పాటలను పుస్తకం చూడకుండా పాడగల పెద్దలు మారిషస్‌లోని మన ఇళ్లలో ఇంకా ఉన్నారు. వారి గొంతును తక్కువ ఖర్చుతో భద్రపరచదలచిన వారికి ఈ వివరణ.

మైకు నుండి వచ్చే సంకేతం అతి బలహీనమైనది. దానిని రికార్డుకు తగిన స్థాయికి పెంచేది ప్రీయాంప్. కంప్రెసర్ పని వేరు. భజన మెల్లగా మొదలై, తాళాల వేగంతోపాటు గొంతు కూడా హెచ్చినప్పుడు, మనం నిర్ణయించిన స్థాయిని మించిన భాగాన్ని అది తగ్గిస్తుంది.

డబ్బు పరిమితమైతే ముందుగా ప్రీయాంప్‌కే వెచ్చించండి. షూర్ ఎస్‌ఎం58 వంటి డైనమిక్ మైకుతో వృద్ధుల మెల్లని స్వరాన్ని పట్టాలంటే సుమారు 60 డెసిబెల్స్ గెయిన్ కావాలి. అంత పెంచితే కొన్ని చవక పరికరాలలో బుసబుస శబ్దం వినిపిస్తుంది. కండెన్సర్ మైకుకు తక్కువ గెయిన్ చాలు, కాని సాధారణంగా 48 వోల్టుల ఫాంటమ్ పవర్ అవసరం.

కలిపే వరుస ఇది: మైకు, ప్రీయాంప్, కంప్రెసర్, చివరకు ఆడియో ఇంటర్‌ఫేస్ లైన్ ఇన్‌పుట్. పొరపాటున మైక్ ఇన్‌పుట్‌కు కలిపితే, పెరిగిన సంకేతమే మళ్లీ పెరిగి ధ్వని పగిలిపోతుంది.

నా అభిప్రాయంలో కంప్రెసర్ కొనకపోయినా నష్టం లేదు. రికార్డు చేసేటప్పుడు అణగిన ధ్వనిని పూర్వస్థితికి తేవడం దాదాపు అసాధ్యం. అదే పని తరువాత కంప్యూటరులో చేస్తే అసలు ప్రతి చెక్కుచెదరదు. వాడవలసి వస్తే నిష్పత్తి 2:1 చాలు.

24 బిట్‌లో రికార్డు చేస్తూ, అత్యధిక స్థాయిని మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఉంచండి. గెయిన్ సరిచూసేటప్పుడు అవ్వను పాట మొదలు కాదు, చివరి వేగభాగం పాడమనండి.