మంట తగ్గింది... మ్యాంటెల్ మిగిలింది!

ఇంగ్లండులో, అమెరికాలో డిసెంబరు వచ్చిందంటే చాలు... ఇంట్లోవాళ్లందరి కళ్లూ హాల్లోని ఓ అయిదడుగుల పలక మీదే. చలి కాచుకునే ఫైర్‌ప్లేస్ నెత్తిన ఉండే ఆ పలక పేరు మ్యాంటెల్. మామూలు రోజుల్లో గడియారం, రెండు ఫొటోలు, తాళంచెవులు పెట్టుకునే చోటు. క్రిస్మస్‌కు మాత్రం పెళ్లిపందిరిలా ముస్తాబవుతుంది. ఒక్కో ప్రాంతానిది ఒక్కో పద్ధతి. చిత్రమేమిటంటే... వాటిలో చాలా ఇళ్లలో ఇప్పుడు కట్టెల మంటే లేదు!

పొగకు పుట్టిన పలక

అసలు మ్యాంటెల్ అలంకరణ కోసం పుట్టింది కాదు. మధ్యయుగాల్లో ఇంగ్లండులోని పెద్ద ఇళ్లలో మంట గదికి నడిమధ్యన ఉండేది. పొగ ఇల్లంతా తిరిగి కప్పులోని కంతలోంచి బయటికి పోయేది. తర్వాత పొయ్యిని గోడవారకు జరిపారు. పొగ గదిలోకి రాకుండా పైన గొడుగులాంటి కప్పు కట్టారు. పైన కప్పుకొనే అంగీని సూచించే మాటలోంచే మ్యాంటెల్ అన్న పేరొచ్చింది. పదహారో శతాబ్దంలో చిమ్నీలు మామూలు ఇళ్లకూ పాకాయి. పొగ గోడలోని గొట్టంలోంచే పోసాగింది. గొడుగుతో పని తగ్గింది. అది క్రమంగా చిక్కిపోయి చివరికి పలకగా మిగిలింది.

లాటిన్‌లో పొయ్యిని 'ఫోకస్' అంటారు. ఇప్పుడు అందరం వాడే ఫోకస్ అన్న మాట అక్కణ్నుంచి వచ్చిందే. చలిదేశాల్లో కుర్చీలన్నీ పొయ్యివైపే తిరిగి ఉండేవి. అందరి చూపూ పడే చోటును అలంకరించకుండా ఎవరుంటారు!

మేజోళ్ల లెక్క

ఏ పద్ధతిలో అలంకరించినా మ్యాంటెల్‌కు వేలాడే మేజోళ్లు మాత్రం మామూలే. దాని వెనకో కథ ఉంది. నాలుగో శతాబ్దంలో, ఇప్పటి తుర్కియేలోని మైరా పట్నంలో నికోలస్ అనే బిషప్ ఉండేవారు. ఆ ఊళ్లో ఓ పేద తండ్రికి ముగ్గురు కూతుళ్లు. కట్నమిచ్చే స్తోమతు లేక పెళ్లిళ్లు ఆగిపోయాయి. (ఆ బాధ మనకొక్కరికే కాదన్నమాట!) సంగతి తెలిసిన నికోలస్ రాత్రిపూట, ఎవరి కంటా పడకుండా బంగారం మూటను ఆ ఇంట్లోకి విసిరారట. అది వెళ్లి పొయ్యి దగ్గర ఆరేసిన మేజోడులో పడిందని చెప్పుకుంటారు. మేజోడు అడుగున నారింజపండు పెట్టే అలవాటుకు ఆ బంగారమే మూలమంటారు.

1823 డిసెంబరు 23న న్యూయార్క్ రాష్ట్రంలోని ట్రాయ్ పట్నంలో ఓ పత్రిక 'ఎ విజిట్ ఫ్రమ్ సెయింట్ నికొలస్' అనే కవితను పేరు లేకుండా అచ్చువేసింది. తర్వాత అది క్లెమెంట్ మూర్ రాసిందని ప్రచారంలోకి వచ్చింది. చిమ్నీలోంచి దిగి మేజోళ్లు నింపి వెళ్లే తాత అమెరికా పిల్లల మనసుల్లో స్థిరపడిపోయింది ఆ కవితతోనే.

ఇంట్లో ఎంతమందో అన్ని మేజోళ్లు. కొత్త కోడలొస్తే ఒకటి, పాపాయి పుడితే మరొకటి. కొన్ని ఇళ్లలో కుక్కపిల్లకూ ఒకటి! పేర్లు కుట్టి ఏటా పెట్టెలో జాగ్రత్తగా దాచుకుంటారు. పిల్లలు పెద్దవాళ్లయి దూరమెళ్లినా వాళ్ల మేజోళ్లు పెట్టెలోనే ఉంటాయి. కొన్నిసార్లు మనిషే ఉండరు, మేజోడు ఉంటుంది. దాన్ని తగిలించాలా వద్దా అన్నది తేల్చుకోవడం ఆ ఇంటి ఇల్లాలికి తేలికేం కాదు. మ్యాంటెల్ ముందుగా చెప్పేది ఆ లెక్కే... ఈ పండక్కి ఇంట్లో ఎంతమందిమి అని.

అన్నీ జంటలే!

ఇక పద్ధతుల సంగతి. అందరికీ ముందు గుర్తొచ్చేది విక్టోరియా రాణి కాలం నాటి అలంకరణ. పలక మీద కుచ్చుల అంచున్న మఖమల్ గుడ్డ, నడుమ గడియారం, వెనక పెద్ద అద్దం. అటొకటి ఇటొకటిగా కొవ్వొత్తి సెమ్మెలు, స్టాఫర్డ్‌షైర్ పింగాణీ కుక్కబొమ్మలు. వాటి మధ్య ముళ్ల అంచుల హాలీ ఆకులు, ఎర్రటి పండ్లు, ఐవీ తీగలు. ఏది పెట్టినా జంటగా పెట్టాల్సిందే.

గ్రీటింగు కార్డులు మ్యాంటెల్ ఎక్కిందీ ఆ కాలంలోనే. 1840లో ఇంగ్లండులో ఒక్క పెన్నీకే ఉత్తరం వేసే పద్ధతి మొదలైంది. 1843లో హెన్రీ కోల్ తొలి క్రిస్మస్ కార్డును అచ్చువేయించి అమ్మించారు. 1848లో 'ఇల్లస్ట్రేటెడ్ లండన్ న్యూస్' పత్రికలో రాణి కుటుంబం క్రిస్మస్ చెట్టు చుట్టూ నిలబడిన బొమ్మ వచ్చింది. రాణిగారింట్లో ఉన్నది మనింట్లో లేకపోతే ఎలా అనుకున్నారు మధ్యతరగతి జనం. ఎన్ని కార్డులొస్తే అంత గొప్ప. అందుకే వాటిని అందరికీ కనిపించేలా పలక మీద నిలబెట్టేవారు.

ఈ పద్ధతిలో ఓ తెలివి ఉంది. వెనకున్న అద్దం వెలుగును రెట్టింపు చేస్తుంది. నాలుగు కొవ్వొత్తులు వెలిగిస్తే ఎనిమిది కనిపిస్తాయి.

పండ్ల తోరణం

అమెరికాలోని వర్జీనియాలో విలియమ్స్‌బర్గ్ అనే పాత పట్నం ఉంది. 1926 తర్వాత జాన్ డి రాక్‌ఫెల్లర్ జూనియర్ డబ్బుతో దాన్ని పద్దెనిమిదో శతాబ్దం నాటి రూపానికి తెచ్చారు. అక్కడి అలంకరణ అంతా పండ్లతోనే. మాగ్నోలియా ఆకులు పరిచి, వాటిమీద ఎర్రటి యాపిళ్లు, నిమ్మపండ్లు పేర్చి, నడుమ అనాసపండును రాజులా కూర్చోబెడతారు.

చూడగానే 'ఆహా, మూడొందల ఏళ్లనాటి సంప్రదాయం' అనిపిస్తుంది. కానీ కాదు! ఈ పద్ధతి పుట్టింది 1930ల్లో. పద్దెనిమిదో శతాబ్దంలో ఓడల మీద రావాల్సిన అనాసపండు చాలా ఖరీదు. దాన్ని గోడకు తగిలించి కుళ్లబెట్టే ధైర్యం ఎవరికుంటుంది? పదిహేనో శతాబ్దంలో ఫ్లోరెన్స్ శిల్పి లూకా డెల్లా రోబియా మెరిసే మట్టిబొమ్మలు చేసేవారు. వాటి చుట్టూ ఉండే పండ్ల దండలే ఈ అలంకరణకు స్ఫూర్తి. అయినా జనానికి నచ్చింది. ఇప్పుడు అమెరికాలో ఎన్నో ఇళ్లలో అదే సంప్రదాయం.

స్వీడన్ గడ్డిమేక

స్వీడన్‌లో పాత ఇళ్లలో ఉండేది నిలువెత్తు పింగాణీ పలకల పొయ్యి. అక్కడి అలంకరణ ఇంగ్లండు, అమెరికా వాళ్లకు తెగ నచ్చి మ్యాంటెల్ మీదికి తెచ్చుకున్నారు. ఇందులో బంగారు మెరుపులుండవు. తెల్లటి పలక, నాలుగు ఫర్ కొమ్మలు, గాజు గ్లాసుల్లో చిన్న దీపాలు, ఎర్రటోపీ పెట్టుకున్న గడ్డం మరుగుజ్జు, ఎర్ర రిబ్బను కట్టిన గడ్డిమేక. అంతే! మిగతా చోటంతా ఖాళీ. శీతకాలంలో మధ్యాహ్నానికే చీకటిపడే దేశం కదా... అక్కడ అలంకరణ కన్నా వెలుగే ముఖ్యం.

గడ్డిమేకంటే యేవ్లె పట్నం గుర్తొస్తుంది. 1966లో అక్కడి కూడలిలో 13 మీటర్ల ఎత్తున గడ్డిమేకను నిలబెట్టారు. కొత్త సంవత్సరం అడుగుపెట్టే వేళకు ఎవరో దానికి నిప్పంటించారు. ఆ తర్వాతా ఎన్నోసార్లు అదే కథ. గడ్డి, నిప్పు పక్కపక్కన ఉంటే ఏమవుతుందో చెప్పడానికి అంతకన్నా పెద్ద బొమ్మ అక్కర్లేదు.

ఎర్ర మిర్చి దండలు

అమెరికాలోనే మరోవైపు... న్యూమెక్సికో రాష్ట్రంలోని శాంటాఫేలో మట్టి ఇళ్లు. గది మూలన తేనెపట్టు ఆకారంలో మట్టి పొయ్యి. దానికి పొడవాటి పలక ఉండదు. గోడలో తొలిచిన గూళ్లే మ్యాంటెల్. మన పాత ఇళ్లలోని దీపపు గూళ్లను చూసినట్టే ఉంటుంది. ఆ గూట్లో బాలయేసు పుట్టిన పశువులపాక బొమ్మలు పెడతారు. పక్కనే ఎండుమిర్చి దండలు వేలాడదీస్తారు. వాటి పేరు రిస్త్రా. ఆరబెట్టుకోవడానికి కట్టిన దండే పండక్కి అలంకారమైపోయింది. గుంటూరువాళ్లు చూస్తే ముందు ఘాటెంతో అడుగుతారేమో!

క్రిస్మస్ ముందురోజు రాత్రి ఇళ్ల బయట కాగితం సంచుల్లో ఇసుక పోసి, అందులో కొవ్వొత్తులు వెలిగిస్తారు. ఇసుక కొవ్వొత్తిని కదలనివ్వదు. సంచికీ బరువవుతుంది.

టీవీలో మంట

మరి అసలు మంట ఎందుకు తగ్గింది? 1952 డిసెంబరులో లండన్‌ను అయిదురోజులపాటు పొగమంచు కమ్మేసింది. ఇళ్లలో, ఫ్యాక్టరీల్లో కాల్చిన బొగ్గు పొగే దానికి ప్రధాన కారణం. నాలుగు వేలమంది చనిపోయారన్నది తొలి అంచనా. 12 వేల దాకా ఉండొచ్చని తర్వాతి పరిశోధనలు చెప్పాయి. 1956లో స్వచ్ఛమైన గాలి కోసం చట్టం తెచ్చారు. పట్నాల్లో పొగ కక్కే పొయ్యిలకు కాలం చెల్లింది. గ్యాసు, కరెంటు వచ్చాయి. మ్యాంటెల్‌ను మాత్రం చాలామంది తీసేయలేదు.

న్యూయార్క్ అపార్ట్‌మెంట్లలో మరో కొరత... చాలామందికి పొయ్యే లేదు. 1966 క్రిస్మస్ ముందురోజు రాత్రి డబ్ల్యూపీఐఎక్స్ అనే టీవీ కేంద్రం ఓ వింత కార్యక్రమం ప్రసారం చేసింది. తెర మీద కట్టెలు కాలుతుంటాయి. పాటలు వినిపిస్తుంటాయి. అంతే! జనం టీవీ ముందు కూర్చుని చలి కాచుకున్నంత సంబరపడ్డారు. ఆ మంటను మేయరుగారి నివాసం గ్రేసీ మాన్షన్‌లో చిత్రీకరించారు. బాగా కనబడాలని మంటకు అడ్డుండే జాలీని తీసేస్తే, నిప్పురవ్వ ఎగిరి ఖరీదైన తివాచీని కాల్చేసిందట. టీవీ కోసం వెలిగించిన మంటైనా మంటే మరి!

తెలుగింట్లోనూ...

న్యూజెర్సీ, డల్లాస్ లాంటిచోట్ల తెలుగువాళ్లు కొనుక్కునే ఇళ్లలోనూ గ్యాసు ఫైర్‌ప్లేస్ కనిపిస్తుంది. స్విచ్ వేస్తే మంట, తీస్తే ఆరిపోతుంది. క్రైస్తవ కుటుంబాలవాళ్లు దానిమీద ఊళ్లో చేసినట్టే పశువులపాక సర్దుకోవచ్చు. పిల్లల సరదా కోసం మేజోళ్లు తగిలించాలనుకునే మిగతావాళ్లకూ కొత్తగా నేర్చుకోవాల్సిందేం లేదు. బొమ్మలకొలువు పెట్టిన చేతికి మ్యాంటెల్ ఓ లెక్కా! పొడుగువి వెనక, పొట్టివి ముందు. అన్నీ ఒకే ఎత్తులో ఉంటే చూపు ఆగదు. జంటలు నచ్చకపోతే ఓ పక్కన పొడవాటి కూజా, రెండోపక్క మూడు చిన్న వస్తువులు పెట్టినా నిండుగా ఉంటుంది. తోరణం కొలత కూడా తేలికే. పలక అయిదడుగులుండి రెండు పక్కలా రెండేసి అడుగులు వేలాడాలంటే తొమ్మిదడుగుల తోరణం కావాలి.

అందం సరే... నిప్పు?

ఎన్ని పద్ధతులున్నా కింద ఉన్నది పొయ్యి అన్న సంగతి మరవకూడదు. పైన్, ఫర్, దేవదారు కొమ్మల్లో జిగురుంటుంది. వేడికి ఎండితే భగ్గున అంటుకుంటాయి. అందుకే అగ్నిమాపక నిపుణులు చెప్పే మాటలివి...

* మంట వెలిగించే ముందు మేజోళ్లు, కిందికి వేలాడే తోరణాలు, కుచ్చుల గుడ్డలు తీసేయాలి. అంటుకునే వస్తువేదైనా మంటకు మూడడుగుల దూరంలో ఉండాలి.

* వెలుగుతున్న కొవ్వొత్తి చుట్టూ అడుగు దూరంలో కొమ్మలు, కార్డులు, రిబ్బన్లు ఉండకూడదు. పిల్లలున్న ఇంట్లో బ్యాటరీ కొవ్వొత్తులే మేలు.

* పచ్చికొమ్మలను తగిలించే ముందు నీళ్లలో నానబెట్టాలి. ఆకులు ఎండిపోయాయంటే తీసేయాల్సిన సమయం వచ్చినట్టే.

* లైట్ల తీగ ఎక్కడైనా చిట్లి ఉంటే వాడొద్దు. పడుకునేముందు అన్నీ ఆపేయాలి.

* మేజోడు తగిలించే కొక్కేల స్టాండు బరువుగా ఉండాలి. పిల్లలు లాగితే నెత్తిన పడకూడదు.

ఇంగ్లండులో ఈ అలంకరణలను జనవరి 5న గానీ 6న గానీ తీసేస్తారు. ఆ తర్వాత ఉంచితే అరిష్టమని నమ్మకం. స్వీడన్‌లో జనవరి 13 దాకా ఉంచి, ఆరోజు పాటలు పాడుతూ చెట్టును సాగనంపుతారు. సరిగ్గా మనకు భోగి వచ్చే రోజులే! కాకపోతే ఓ తేడా. పాతవన్నీ తెచ్చి మనం ఆరుబయట భోగిమంటలో వేస్తాం. ఎండిన కొమ్మల్నీ, బహుమతుల రంగు కాగితాల్నీ ఫైర్‌ప్లేస్‌లో మాత్రం వేయకూడదు. మంట ఒక్కసారిగా ఎగసి చిమ్నీలోని మసికి అంటుకుంటుంది. వాటిని బయట పారేసి, మేజోళ్లను మడిచి పెట్టెలో దాచుకోవాలి... వచ్చే ఏడాది లెక్క చూసుకోవడానికి.